ఒక్క ‘క్వెంత’కు ఎన్ని అర్థాలు?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో హోటల్ బుకింగ్‌లు చూసే ఒక కంపెనీలో పనిచేస్తాను. మెక్సికో నుంచి వచ్చే మెయిల్స్‌కు జవాబులు రాయాలని ఎనిమిది నెలలుగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. ‘క్వెంత’ అంటే అకౌంట్ అని మొదట్లోనే నేర్చుకున్నాను. పోయిన నెల ఒక కస్టమర్ ‘నో మె ది క్వెంత దె కె లా క్వెంత యా ఎస్తాబా పగాదా’ అని రాశారు. ‘నాకు అకౌంట్ ఇవ్వలేదు, కానీ అకౌంట్‌కు డబ్బు కట్టేశారు’ అని అర్థం చేసుకుని, కొత్త అకౌంట్ తెరిచే లింక్ పంపాను. టీమ్‌లో అందరి ముందూ మాట పడ్డాను. డిక్షనరీ తీస్తే ఆ ఒక్క పదానికే బిల్లు, అకౌంట్, పూస, లెక్క అంటూ పేజీ నిండా అర్థాలున్నాయి. ఇవన్నీ బట్టీ పట్టాలా? మెయిల్ తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది. ముప్పై నాలుగేళ్ల వయసులో ఇక ఈ భాష నాకు వస్తుందా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం:

ముందు ఆ మెయిల్ సంగతి చూద్దాం. ‘బిల్లు అప్పటికే కట్టేసి ఉందని నేను గమనించలేదు’ అని దాని అర్థం. ఒకే వాక్యంలో క్వెంత రెండుసార్లు వచ్చింది. రెండుచోట్లా అర్థం వేరు. పైగా రెండుచోట్లా మీరు నేర్చుకున్న అకౌంట్ కాదు. ఎనిమిది నెలల చదువుకు అది చాలా గట్టి వాక్యం. దాని దగ్గర తడబడినందుకు మిమ్మల్ని అందరి ముందూ అనడం సరికాదు.

మీరు ఎక్కడ దారి తప్పారో కూడా నాకు తెలిసింది. ‘దార్’ అంటే ఇవ్వడం అని మీకు తెలుసు. ‘మె’ అంటే నాకు అని తెలుసు. అందుకే ‘మె ది’ కనబడగానే ‘నాకు ఇవ్వడం’ అనుకున్నారు. కానీ ‘ది’ అంటే ‘ఇచ్చాను’. ‘ఇచ్చారు’ అనాలంటే ‘దియో’ అనో ‘దియెరోన్’ అనో ఉండాలి. ఇంగ్లీషులో ‘గేవ్’ అనే మాట నేను ఇచ్చినా, వాళ్లు ఇచ్చినా మారదు. మీరు స్పానిష్ వాక్యాన్ని మనసులో ముందు ఇంగ్లీషులోకి, అక్కడినుంచి తెలుగులోకి తెచ్చుకున్నారు. ఎవరిచ్చారన్నది ఆ దారిలో జారిపోయింది. నేరుగా తెలుగులోకి వచ్చి ఉంటే జారేది కాదు. ‘ఇచ్చాను, ఇచ్చావు, ఇచ్చాడు’ అని క్రియ చివరే మనిషిని చూపించే భాష మనది. స్పానిష్ కూడా అంతే. ‘నేను’ అని విడిగా చెప్పకపోయినా ‘ది’ అన్న చిన్న మాటలోనే నేను ఉన్నాను.

అంటే ‘నో మె ది క్వెంత’ అన్నదాన్ని ముక్కలు చేసి చూస్తే ‘నాకు నేను లెక్క ఇచ్చుకోలేదు’ అని వస్తుంది. ఆ విషయం నా బుర్రకెక్కలేదు, నా దృష్టికి రాలేదు అన్నమాట. ‘దార్సె క్వెంత దె’ అనేది గ్రహించడం, గమనించడం అని చెప్పడానికి వాళ్లు రోజూ వాడే మాట.

ఇప్పుడు బట్టీ సంగతి. పట్టొద్దు. క్వెంతకు పది అర్థాలున్నాయని నేను ఒప్పుకోను. ఉన్నది ఒకటే, లెక్క. మిగిలినవన్నీ దాని కొమ్మలు. ఈ మాట నేను మీకు ధైర్యంగా చెప్పగలను, ఎందుకంటే అచ్చం ఇలాంటి మాటనే మీరు పుట్టినప్పటినుంచి వాడుతున్నారు. కొన్ని వాక్యాలు చూడండి: ‘ఈ నెల లెక్క చూసి చెప్పు’, ‘పెద్దవాళ్ల మాట లెక్కలోకి తీసుకో’, ‘ఖర్చుపెట్టిన ప్రతి పైసాకూ లెక్క చెప్పాలి’, ‘వాడితో లెక్క తేల్చుకోవాలి’, ‘ఎన్నిసార్లు చెప్పానో లెక్కే లేదు’. మన ‘లెక్క’ను ఒక స్పానిష్ పిల్లకు నేర్పాల్సి వస్తే, ఆమె కూడా మీలాగే పేజీ నిండా ఉన్న అర్థాలు చూసి బెంగపడుతుంది. మీరు మాత్రం వాటిని ఎప్పుడూ బట్టీ పట్టలేదు. పక్కనున్న మాటతో కలిపి విన్నారు, అలాగే వాడారు.

పైన రాసిన తెలుగు వాక్యాల్లో చాలావాటికి స్పానిష్‌లో దాదాపు అదే కట్టు ఉంది. ‘లెక్కలోకి తీసుకోవడం’ అంటే ‘తెనెర్ ఎన్ క్వెంత’, మాటకు మాట ‘లెక్కలో ఉంచుకోవడం’. ‘లెక్క చెప్పడం’, అంటే సంజాయిషీ ఇవ్వడం, ‘రెందిర్ క్వెంతాస్’. స్పెయిన్‌లో ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే సంస్థ పేరు త్రిబునాల్ దె క్వెంతాస్. మన దగ్గర కాగ్ చేసే పనిలాంటిది. ‘లెక్క తేల్చుకోవడం’ అంటే ‘అహుస్తె దె క్వెంతాస్’. పత్రికల్లో ముఠాల పగలూ హత్యల వార్తల్లో ఈ మాట తరచూ కనిపిస్తుంది. ఎన్నోదో లెక్క తప్పిపోతే ‘పెర్దీ లా క్వెంత’, లెక్క పోగొట్టుకున్నాను.

ఈ పోలిక మొదటిసారి గమనించినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. ఎక్కడి మాద్రిద్, ఎక్కడి మన పల్లెటూరు కిరాణా కొట్టు! కానీ ఇందులో వింత లేదు. మనుషులు ఎక్కడున్నా ముందు లెక్కపెట్టడం నేర్చుకున్నారు. తర్వాత అప్పులకూ బాధ్యతలకూ పగలకూ ఆ మాటనే వాడుకున్నారు.

మాట పుట్టుక తెలిస్తే ఇంకా తేలిక. లాటిన్‌లో ‘కంపుతారె’ అంటే లెక్కించడం. కంప్యూటర్ అన్న మాట అక్కడినుంచే వచ్చింది. అదే లాటిన్ మాట శతాబ్దాలపాటు జనం నోట అరిగి అరిగి స్పానిష్‌లో ‘కొంతార్’ అయింది. కొంతార్‌కు రెండు అర్థాలు, లెక్కపెట్టడం, చెప్పడం. లెక్కపెట్టడం నుంచి ‘క్వెంత’ వచ్చింది. చెప్పడం నుంచి ‘క్వెంతో’ వచ్చింది, అంటే కథ. చివరి అక్షరం ఒక్కటే తేడా. ఈ రెండు పనులూ ఒకే మాటలో ఎలా ఇమిడాయని అనిపిస్తే, మన ‘ఏకరువు పెట్టడం’ గుర్తు తెచ్చుకోండి. తన కష్టాలన్నీ ఏకరువు పెట్టింది అంటే ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నట్టు చెప్పింది అనే కదా. మీ పనిలో రోజూ తగిలే ‘దెస్క్వెంతో’, అంటే తగ్గింపు, ఈ కుటుంబంలోదే. మెక్సికోలో అకౌంటెంట్‌ను ‘కొంతదోర్’ అంటారు. కానీ ‘ఎన్‌క్వెంత్రో’ మాత్రం చుట్టం కాదు. కలుసుకోవడం అని దాని అర్థం, అది వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది. వినికిడిని నమ్మి దాన్ని ఈ గూట్లో పెట్టకండి.

పూస అన్న అర్థం మిమ్మల్ని ఎక్కువ కంగారు పెట్టినట్టుంది. నాకైతే అన్నిటిలో ఇదే ఇష్టం. జపమాల తిప్పేవాళ్లు పూసలు ఎందుకు జరుపుతారు? లెక్క తప్పకుండా ఉండటానికే. మన మాలలో నూటెనిమిది ఉంటాయి. కాథలిక్కులు మరియమాత ప్రార్థనకు వాడే మాలలో సాధారణంగా 59. ఒక్కో పూసా ఒక్కో ప్రార్థనకు లెక్క. అలా లెక్కకు వాడే పూసే ‘క్వెంత’ అయిపోయింది. మాల ‘రొసారియో’, పూసలు ‘క్వెంతాస్’. తర్వాత మెడలో వేసుకునే పూసలకూ అదే పేరు వచ్చింది. గుణదల కొండ మీద జపమాల పట్టుకుని మెట్లెక్కేవాళ్లను ఒక్కసారి తలచుకుంటే ఈ అర్థం మళ్లీ మర్చిపోరు.

బిల్లు అన్నదానికి పెద్ద వివరణ అక్కర్లేదు, తిన్నదానికి వేసిన లెక్క. కానీ దాని చుట్టూ ఉన్న మర్యాద మీ పనికి పనికొస్తుంది. నేను మొదటిసారి మాద్రిద్‌లో ఒక చిన్న హోటల్లో భోజనం చేసి బిల్లు కోసం ముప్పావుగంట కూర్చున్నాను. ఎవరూ తేలేదు. నన్ను పట్టించుకోవడం లేదని మనసు చివుక్కుమంది. తర్వాత తెలిసింది, అక్కడ అడగకుండా బిల్లు తెచ్చి పెట్టడమంటే ‘ఇక లేవండి’ అన్నట్టు. మెక్సికోలోనూ ఇదే మర్యాద. ‘లా క్వెంత, పోర్ ఫవోర్’ అని మనమే అడగాలి. చెప్పేటప్పుడు ‘ట’ కాదు, మెత్తని ‘త’ పలకండి. మన ‘అంత, ఇంత’లో ఉన్న త. ఇంగ్లీషువాళ్లు నెలల తరబడి సాధన చేసే ఈ అక్షరం మనకు ఉచితంగా వచ్చింది.

బిల్లు అన్న అర్థం మీద ఒక హెచ్చరిక. హోటల్ బిల్లు క్వెంతే కానీ, పన్నుల కోసం పేరూ నంబరూ వేసి ఇచ్చే అధికారిక బిల్లు ‘ఫక్తూర’. మెక్సికో కస్టమర్ ఫక్తూర కావాలన్నాడంటే ఆఫీసులో చూపించడానికి అడుగుతున్నాడని చాలాసార్లు అర్థం. క్వెంత పంపితే సరిపోదు.

మీకు వచ్చే మెయిల్స్‌లో క్వెంత ఎక్కువగా ఏ వేషాల్లో వస్తుందో ఊహించి చెబుతాను. ‘మి క్వెంత’ అని ఉండి, పక్కన పాస్‌వర్డ్ సంగతో లాగిన్ సంగతో ఉంటే అది మీ సైట్‌లో అకౌంట్. ‘ఎస్తాదో దె క్వెంత’ అంటే బ్యాంక్ స్టేట్‌మెంట్. డబ్బు రెండుసార్లు కట్ అయిందని చెప్పేవాళ్లు దీన్ని జతచేసి పంపుతారు. ‘కార్గెలో ఆ మి క్వెంత’ అంటే ‘దాన్ని నా బిల్లులో వేయండి’. మన కిరాణా కొట్టులో ‘ఖాతాలో రాసుకోండి’ అన్నట్టే. ‘ఆ క్వెంత’ అంటే మొత్తంలో కొంత ముందే ఇవ్వడం, మనం అడ్వాన్స్ అంటామే, అది. ‘పోర్ క్వెంత దె లా కాస’ అని ఉంటే ఆ ఖర్చు హోటల్‌వాళ్లే పెట్టుకుంటారు, అతిథి కట్టక్కర్లేదు. కానీ ‘పోర్ మి క్వెంత’ దగ్గర కొంచెం ఆగండి. ‘నా ఖర్చుతో’ అని ఒక అర్థం, ‘నా అంతట నేనే’ అని ఇంకొకటి. ఎయిర్‌పోర్ట్ నుంచి ‘పోర్ మి క్వెంత’ వస్తానన్నారంటే కారు పంపొద్దని చెబుతున్నారు.

డబ్బు వాసన లేని వాడుకలు కొన్ని. ‘మాస్ దె లా క్వెంత’ అంటే ఉండాల్సినదానికన్నా ఎక్కువ. పండగపూట లెక్కకు మించి తిన్నవాళ్లు ఈ మాటే అంటారు. ‘ఆ ఫిన్ దె క్వెంతాస్’ అంటే చివరికి చూస్తే, ఎంతైనా. ‘కయెర్ ఎన్ లా క్వెంత’, మాటకు మాట ‘లెక్కలో పడటం’, అంటే ఇంతసేపూ అర్థంకానిది ఒక్కసారిగా వెలగడం. రాకెట్ ఎగరేసే ముందు పది, తొమ్మిది, ఎనిమిది అంటారే, స్పెయిన్‌లో అది ‘క్వెంత అత్రాస్’, లాటిన్ అమెరికాలో ‘క్వెంత రెగ్రెసీవ’. స్పెయిన్‌లో గర్భిణి ‘సాల్గో దె క్వెంతాస్ ఎన్ మాయో’ అంటే మే నెలలో తనకు నెలలు నిండుతాయని. ఇక్కడ మనం లెక్క అనం, నెలలు నిండటం అంటాం. కానీ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టే అమ్మమ్మలు అక్కడా ఇక్కడా ఒకటే. అన్నట్టు వేళ్ల మీద లెక్కపెట్టడాన్ని స్పెయిన్‌లో ‘లా క్వెంత దె లా వియేహ’ అంటారు, ముసలమ్మ లెక్క.

మెక్సికోవాళ్లతో పని కాబట్టి ఇంకొక్కటి. 2012 డిసెంబర్ 21న యుగాంతం అని ప్రపంచమంతా గోల చేసింది గుర్తుందా? దానికి ఆధారంగా చూపింది మాయా ప్రజల పాత కాలగణనను. దాన్ని స్పానిష్‌లో ‘క్వెంత లార్గ’ అంటారు, పొడవాటి లెక్క. ఆ లెక్కలో ఒక పెద్ద చక్రం ఆ రోజుతో పూర్తయింది, అంతే. లోకం ముగుస్తుందని ఆ లెక్క చెప్పలేదు.

హన్మకొండ అని మీరు రాయకపోతే ఈ తర్వాతి మాట చెప్పేదాన్ని కాదేమో. ‘చిన్నపిల్ల లెక్క మాట్లాడకు’, ‘మా అన్న లెక్కనే ఉన్నడు’ అని మీ ఇంట్లో అంటారు కదా. ‘లాగా’ అన్న అర్థంలో లెక్క. మెక్సికోలో ‘ఆస్ దె క్వెంత’ అని ఒక వాడుక ఉంది. మాటకు మాట ‘లెక్క చేసుకో’. అసలు అర్థం ‘అనుకో’, ‘ఊహించుకో’. మాటల్లో అది దాదాపు ‘అచ్చం అలాంటిదే అనుకో’, ‘ఆ లెక్కన’ అన్నట్టు దొర్లుతుంది. ‘ఆస్ దె క్వెంత కె ఎస్తాస్ ఎన్ తు కాస’ అంటే ‘నీ ఇంట్లో ఉన్నట్టే అనుకో’. లెక్క నుంచి పోలికకు ఓరుగల్లులో ఒక దారి పడింది, మెక్సికోలో ఇంకో దారి పడింది. ఒకదాని గురించి ఒకటి వినకుండానే రెండూ పక్కపక్కనే వచ్చాయి. పాఠ్యపుస్తకాల్లో ఇది సాధారణంగా దొరకదు, మీ కస్టమర్ల నోట మాత్రం వినబడుతుంది.

అయితే లెక్కను ఊతకర్ర చేసుకోవడంలో ఒక ప్రమాదముంది, అది చెప్పకపోతే తప్పవుతుంది. ‘వాడు నన్ను లెక్కచేయడు’ అన్నదాన్ని ‘తెనెర్ ఎన్ క్వెంత’తో చెప్పొచ్చు కానీ, మాట వినడంలేదు, ఖాతరు చేయడంలేదు అన్న అర్థం రావాలంటే ‘నో మె ఆసె కాసో’ అనాలి. బడిలో లెక్కల సబ్జెక్టు ‘మతెమాతికాస్’. బడిపిల్లలు వేసే కూడికలూ తీసివేతలూ మాత్రం క్వెంతాస్. ‘అదొక లెక్కా?’ అన్న మన ధీమాకు క్వెంత అస్సలు పనికిరాదు. తెలుగు మీకు తలుపు వరకు దారి చూపిస్తుంది. లోపలికి వెళ్లాక స్పానిష్‌వాళ్లు ఏమంటున్నారో వినాల్సిందే.

క్వెంత క్రియగా కూడా వస్తుంది, అదొక చిక్కు. కొంతార్ అన్న క్రియ ‘అతను’, ‘ఆమె’తో క్వెంత అవుతుంది: ‘మి అబువేల క్వెంత క్వెంతోస్’, మా అమ్మమ్మ కథలు చెబుతుంది. నీవు అని ఆజ్ఞాపించినా అదే రూపం: ‘క్వెంత కొన్మీగో’, నన్ను నమ్ముకో, నేనున్నాను. వెనకాల ‘కొన్’ వస్తే అది చాలావరకు క్రియే. ముందు ‘లా’, ‘ఉన’, ‘మి’, ‘సు’ లాంటివి ఉంటే నామవాచకం. దార్సె క్వెంతలోనూ తెనెర్ ఎన్ క్వెంతలోనూ ముందు ‘లా’ ఉండదు. ‘లా’ లేని క్వెంత కనబడితే వెంటనే దాని పక్కనున్న క్రియను చూడండి. మీ కస్టమర్ వాక్యంలో మొదటి క్వెంతకు ‘లా’ లేదు, రెండోదానికి ఉంది. అర్థం విడిపోయింది అక్కడే.

ఇక చదివే పద్ధతి. నోట్‌బుక్‌లో ‘క్వెంత = అకౌంట్’ అని రాసి ఉంటే కొట్టేయండి. క్వెంతను ఒంటరిగా ఎప్పుడూ రాయకండి. అది ఎప్పుడూ ఎవరితోనో కలిసి వస్తుంది, ఆ జతను మొత్తంగా రాయండి: దార్సె క్వెంత దె కె, తెనెర్ ఎన్ క్వెంత, పగార్ లా క్వెంత, అబ్రీర్ ఉన క్వెంత. ఎదురుగా పదం అర్థం కాకుండా మీ పనిలో నిజంగా వచ్చే ఒక తెలుగు వాక్యం రాయండి. వారానికి మూడు జతలు చాలు. దార్సె క్వెంత తర్వాత ‘దె కె’ రాయడం అలవాటు చేసుకోండి. స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా మాట్లాడేటప్పుడు ఆ ‘దె’ను మింగేస్తుంటారు. రాతలో మాత్రం ఉండాలి. 1713లో మాద్రిద్‌లో మొదలైన స్పానిష్ భాషా అకాడమీ తన నిఘంటువును ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. అందులో క్వెంత దగ్గర విడి అర్థాలు ముందు వస్తాయి, జతలు కింద వరసగా ఉంటాయి. మీరు కింది నుంచి చదవడం మొదలుపెట్టండి. అంతా స్పానిష్‌లోనే ఉంటుంది, మొదట్లో రెండు మూడు పంక్తులకు మించి ముందుకు సాగదు, ఫర్వాలేదు.

ముప్పై నాలుగేళ్ల గురించి అడిగారు. వస్తుంది. తొందరగా వస్తుందని చెప్పను. మీరు ఆ మెయిల్‌ను మర్చిపోకుండా, పక్కన పడేయకుండా ఇంత దూరం రాసి పంపారు. నేను చూసినంతలో అలా చేసేవాళ్లకు భాష వస్తుంది.

వీలైతే ఆ కస్టమర్‌కు మళ్లీ రాయండి. ‘పెర్దోన్, నో మె ది క్వెంత దె కె ఉస్తెద్ ఆబ్లాబ దె లా క్వెంత దెల్ ఓతెల్’: ‘క్షమించండి, మీరు హోటల్ బిల్లు గురించి చెబుతున్నారని నేను గమనించలేదు.’ మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన ఆ రెండు క్వెంతలూ ఇందులో అదే వరసలో ఉన్నాయి. పంపే ముందు ఇంట్లో ఒకసారి గట్టిగా చదవండి, ‘త’ మెత్తగా వస్తోందో లేదో చూసుకోండి. ఆయన ఏమని జవాబిచ్చారో నాకు రాస్తారు కదూ?